ముందు హ్యాండ్‌బ్రేక్, తర్వాత దేవుడు

ఇందులోని ప్రతి అక్షరమూ నిజం. ఒట్టు.

ఎవరి మీద ఒట్టు అని అడుగుతారేమో. మా ఆవిడ మీద వేద్దామంటే, పెళ్లయిన కొత్తలోనే ఆమె ఆ దారి మూసేసింది. "మీరు నా మీద ఒట్టు వేసినప్పుడల్లా నాకు సర్ది చేస్తున్నది. ఇంకెవరినన్న చూసుకోండ్రి" అంది. మా అమ్మాయి మీద వేద్దామంటే, ఆమె వాట్‌ఫర్డ్‌లో లాయర్ల ఆఫీసులో పని చేస్తుంది. తన మీద ఒట్టు వేయాలంటే ముందుగా తన అనుమతి తీసుకోవాలంటుంది. అందుకని మా వంటింటి అలమరలో పైఅరలో ఉన్న ఆవకాయ జాడీ మీద కుడిచెయ్యి ఆనించి ప్రమాణం చేస్తున్నాను. ఈ చలిదేశంలో ఆవకాయ జాడీ మీద అబద్ధపు ఒట్టు వేసే ధైర్యం ఉన్న తెలుగువాడు ఇంకా పుట్టలేదు.

ఇప్పుడీ ప్రమాణం ఎందుకంటే, పోయిన ఆదివారం మా అమ్మాయి కొత్త కరెంటు కారు వేసుకుని స్విండన్ వచ్చింది. చప్పుడు లేదు, పొగ లేదు. పిల్లి వచ్చినట్టు వచ్చి గుమ్మం ముందు ఆగింది. అమ్మాయి దిగి, "డాడ్, దానంతట అదే పార్క్ చేసుకుంటుంది తెలుసా?" అంది.

"మన మొదటి కారు కూడా దానంతట అదే చాలా పనులు చేసేది" అన్నాను.

"లైక్ వాట్?"

"పాటలు పాడేది. ఊళ్లోవాళ్లకి ఆకలి పుట్టించేది. మీ అమ్మకి ఉద్యోగం ఇప్పించింది."

అమ్మాయి వంటింటి వైపు తిరిగి కేకేసింది. "మమ్, ఈజ్ దట్ ట్రూ?"

లోపల్నుంచి పోపు చప్పుడుతో పాటు జవాబొచ్చింది. "సగం!"

ఏ సగమో ఆవిడ చెప్పలేదు. అందుకే మొత్తం రాసి పెడుతున్నాను.

మేం స్విండన్ వచ్చిన కొత్తలో నాకు కంప్యూటర్ల ఉద్యోగం, మా ఆవిడకి కిటికీ. అంతే మా ఆస్తి. కరీంనగర్‌లో ఆమె కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. ఆమె వరండాలో నడిచివస్తుంటే చివరి గదిలో పిల్లలు కూడా కూర్చునేవారట. ఇక్కడికొచ్చాక ఆ గొంతు వినడానికి నేనూ, నాలుగేళ్ల పాపా మిగిలాం. మేమిద్దరం పెద్దగా వినేరకం కూడా కాదు. ఒకరోజు బట్టలు మడతపెడుతూ, "నన్ను ఎవరన్న 'మేడమ్' అని పిలిచి ఎన్నొద్దులైందో యాదికొస్తలేదు" అంది. మామూలుగానే అంది. నేను మామూలుగా వినలేకపోయాను. ఆ వారమే కారు కొన్నాను.

నాలుగు తలుపుల సెలూన్ కారు. పెసరపచ్చ రంగు. ముందు ముక్కు ఎంత పొడుగో, వెనక డిక్కీ అంత పొడుగు. అమ్మిన పెద్దాయన తాళంచెవి నా చేతిలో పెట్టి కళ్లు తుడుచుకున్నాడు. అది దుఃఖమో ఆనందమో తెలుసుకోవడానికి మాకు ఒక శీతాకాలం పట్టింది.

ఇంటి ముందు ఆపగానే మా ఆవిడ బయటికొచ్చి ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది. "ఏందండీ ఇది, కారు తెమ్మంటే పడవ తెచ్చిన్రు? దీన్ని నిలపాలంటే పక్కింటోళ్ల జాగా గూడ అడగాలె."

"డిక్కీ చూడు. నాలుగు బియ్యం బస్తాలు పడతాయి."

"అయితే మంచిదే" అంది. మా ఆవిడ బియ్యం దగ్గర మెత్తబడుతుంది.

మర్నాడు వాహనపూజ. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. పక్కింటి ఆంటీ తన కిటికీ తెర పక్కకు జరిపి అంతా చూసింది. ఆంటీ అంటే తెల్లావిడే. భర్త పోయాక ఒక్కతే ఉండేది. జీవితమంతా ఊళ్లో పిల్లలకి పియానో నేర్పింది. మేం మొదటిరోజే ఆంటీ అన్నాం, ఆమె మొదటిరోజే పలికింది. ఆమె మాటలన్నీ ఇంగ్లీషే. ఇక్కడ తెలుగులో పెడుతున్నాను, రుచి ఏమాత్రం తగ్గకుండా.

టైర్లు నిమ్మకాయలు తొక్కి ముందుకు కదలగానే ఆమె గేటు దాటి వచ్చింది. "ఈ కారు నిమ్మకాయలతో నడుస్తుందా?"

"అవునాంటీ. పెట్రోలు ఊరికే వాసనకి పోస్తాం" అన్నాను.

ఆమె కనురెప్ప కూడా ఆడించలేదు. "అదృష్టవంతులు. మా ఆయన నడిపినన్నాళ్లూ మా కారు జిన్ను తాగేది" అంది.

నాకు అప్పుడే అర్థమైంది, ఈ వీధిలో నాకు పోటీ ఉందని. ఆ తర్వాత ప్రతి శనివారం మా గుమ్మంలో ఒక నిమ్మకాయ ఉండేది. కారుకి టిఫిన్ అని చెప్పేది.

కారు సుగుణాల గురించి చెప్పాలి. అద్దాలు దించే పిడి ఒకటే ఉండేది. మిగతావి మా కంటే ముందే రాలిపోయాయి. ఎవరికి గాలి కావాలంటే వారు అడిగి తీసుకుని, తిప్పుకుని, పక్కవారికి అందించాలి. కాపురంలో సర్దుకుపోవడం మేం ఆ పిడి దగ్గరే నేర్చుకున్నాం. హీటరు మీట వేడి వైపు ఇరుక్కుపోయి ఎండాకాలం కూడా కదలదు. ఇక క్యాసెట్ ప్లేయర్. వాహనపూజ రోజున భక్తిపాటల క్యాసెట్ ఒకటి అందులో పెట్టాం. అది లోపలికి వెళ్లింది కానీ మళ్లీ బయటికి రాలేదు. ఎంత మీట నొక్కినా పాడదు. కానీ డాష్‌బోర్డు మీద ఒక చోట గట్టిగా చరిస్తే, కిందటిసారి ఆగిన చోటి నుంచి సన్నాయి, డోలు, భజన మొదలు. ఇంకోసారి చరిస్తే మౌనం. గుంటలో పడ్డా అంతే. స్విండన్‌లో ఏ వీధిలో రోడ్డు బాగాలేదో మా పాటను బట్టి కౌన్సిల్‌వాళ్లు తెలుసుకునేవారు.

అన్నిటికీ మించి ఆవకాయ. ఒకసారి లండన్ వెళ్లి నెల సామాన్లు తెస్తున్నాం. అక్కడి మా దోస్తుకి వాళ్లమ్మ పంపితే మాకిచ్చిన ఆవకాయ సీసా డిక్కీలో బియ్యం బస్తాల మధ్య భద్రంగా పెట్టాం. మోటర్‌వే మీద బస్తాలు ఒకదానికొకటి కబుర్లు చెప్పుకున్నాయి కాబోలు, సీసా నలిగి పగిలింది. నూనె డిక్కీ తివాచీలోకి, అక్కడ్నుంచి వెనక సీటు దూదిలోకి ఇంకిపోయింది. హీటరు ఎప్పుడూ పూర్తి వేడి మీద ఉంటుంది కదా, ఆ రోజు నుంచి కారులో ఎక్కడమంటే వేడి వేడి అన్నంలో దిగడమే. రీడింగ్ అనే ఊరు దాటేసరికి మా వెనక వస్తున్న కార్లన్నీ ఆకలి తట్టుకోలేక ఒక్కొక్కటీ దారి పక్క హోటళ్లుండే సర్వీసుల్లోకి మళ్లిపోయాయి. ఆరోజు మోటర్‌వే అంత ఖాళీగా నేను మళ్లీ చూడలేదు. ఆవకాయ జాడీ మీద ఒట్టు అని ముందే చెప్పాను.

ఇలా ఉండగా మా ఆవిడకి ఉద్యోగం దొరికింది. ఊరికి బాగా అవతల, పొలాల మధ్య ఒక ఇంజనీరింగ్ కంపెనీ. వాళ్ల ల్యాబులో పరీక్షలు చేసే పని. ఇంటర్వ్యూలో, "ఇటు బస్సు రాదు, కారు ఉందా?" అని అడిగారట. "ఉంది" అందట. "లైసెన్సు?" అంటే, "వస్తుంది" అందట, రైలు వస్తుంది అన్నంత నమ్మకంగా. వాళ్లకి ఆ నమ్మకం నచ్చింది. నెలాఖరు తర్వాతి సోమవారం నుంచి రమ్మన్నారు. లైసెన్సు లేకపోతే మాత్రం ఇంకొకరిని పిలుస్తామన్నారు.

ఆరోజు ఆమె అన్నం వండుతూ పాడింది. పాప పరిగెత్తుకొచ్చి, "డాడీ, మమ్మీ ఈజ్ సింగింగ్!" అని ఏదో వింత జరిగినట్టు చెప్పింది. వింతే.

కారు నడపడం నేనే నేర్పాను. ఇది మనసులో పెట్టుకోండి. నేను ముందు సీట్లో ఆమె పక్కన కూర్చునేవాడిని. ఆంటీ వెనక సీట్లో పాపకి తోడుగా కూర్చుని టాఫీలు పంచేది. నేర్పడంలో ఆంటీకి అనుభవం ఉన్నమాట నిజమే కానీ, అది పియానో. కారు సంగతి నాకు వదిలేసింది. నేను డాష్‌బోర్డు మీద వేలితో తాళం వేస్తూ, "అద్దం, సిగ్నల్, కదులు. అద్దం, సిగ్నల్, కదులు" అనేవాడిని. క్లచ్ తప్పితే కోప్పడేవాడిని కాను. "పరవాలేదు. మళ్లీ మొదటి నుంచి" అనేవాడిని, అంతే. ఆమె కూడా ఎదురుమాట లేకుండా, "సరే" అని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేది. ముందు ఆమె జడ అటూ ఇటూ ఊగుతూ ఉండేది. ఎంత శ్రద్ధ!

మా ఊళ్లో ఒక రౌండబౌట్ ఉంది. తెలియనివాళ్లకి చెబుతాను. నడుమ ఒక పెద్ద చక్రం, దాని చుట్టూ ఐదు చిన్న చక్రాలు. బయటి ఊళ్లవాళ్లు దాన్ని చూసి కారు పక్కకాపి ఫోన్ చేసి ఇంటివాళ్లతో మాట్లాడుకుంటారు. మా ఆవిడకి మాత్రం చూడగానే నచ్చింది.

"దీంట్ల భయపడేదేమున్నది? నడుమ పెద్ద బతుకమ్మ, చుట్టు చిన్న బతుకమ్మలు. మనం తిరుగుడే" అంది.

నిజమే. గుళ్లో ప్రదక్షిణానికి దేవుణ్ణి కుడివైపు ఉంచుకుని ఎటు తిరుగుతామో, ఈ దేశంలో రౌండబౌట్ చుట్టూ కూడా అటే తిరగాలి. ఆమె చిన్నప్పట్నుంచి తిరుగుతున్నదే. ఒక్క ఇబ్బంది వచ్చింది. ఆ మాయదారి చక్రంలో కుడికి పోవాలంటే అడ్డదారి ఒకటుంది. నడుమ ఉన్న పెద్ద చక్రాన్ని ఎడమవైపు ఉంచుకుని, వెనక్కి తిరిగినట్టు తిరగాలి. స్విండన్ వాళ్లంతా అలాగే పోతారు.

"నేను పోను" అంది.

"ఎందుకు?"

"అది ఉల్టా తిరుగుడు. మంచిది కాదు. నేను బయటి నుంచి చుట్టు తిరిగే వస్త."

"లేటవుతుంది కదా."

"దేవుని చుట్టు తిరిగేటప్పుడు లేటు చూసుకుంటరా?"

బయటి నుంచి తిరగడం తప్పేమీ కాదు, రూలు ప్రకారమే. కాబట్టి మా కారు ఎప్పుడు ఆ చక్రంలోకి దిగినా ఐదు చిన్న బతుకమ్మలనూ చుట్టి, పుణ్యం కట్టుకుని బయటపడేది. వెనక సీట్లో పాప, "అగైన్! అగైన్!" అని చప్పట్లు కొట్టేది.

ఇంత నేర్చుకున్న మనిషి మొదటి టెస్టు ఫెయిలైంది. ఎక్కడ ఫెయిలైందో వింటే మీరు నమ్మరు. చర్చి ముందు.

కరీంనగర్‌లో బస్సులో పోతూ గుడి కనిపిస్తే ఏం చేస్తాం? చెయ్యి గుండెకి తాకించి కళ్లకద్దుకుంటాం. చేతిలో సంచి ఉన్నా, పక్కన పిల్లాడున్నా, చెయ్యి దానంతట అదే లేస్తుంది. టెస్టు దారిలో మలుపు తిరగ్గానే పెద్ద చర్చి. ఆమె రెండు చేతులూ స్టీరింగ్ వదిలేసి దణ్ణం పెట్టుకుంది. కారు కూడా భక్తిగా చర్చి గేటు వైపు వంగింది. ఎగ్జామినరు పట్టుకుని సరిచేశాడు. అక్కడితో అయిపోయింది.

"అది చర్చి కదే!" అన్నాను ఇంటికొచ్చాక.

"దేవుడు ఏ ఇంట్ల కిరాయికున్నా దేవుడే గద!" అంది. తర్వాత సోఫాలో కూర్చుని తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. అద్దంలోకి చూడ్డం మర్చిపోయి ఫెయిలయితే బాధ వేరు. ఊహ తెలిసినప్పట్నుంచి చేస్తున్న పనికి ఫెయిలైతే ఎవరి మీద కోపగించుకోవాలి? "చెయ్యి నాది గాదండీ. అది మా అమ్మ నేర్పిన చెయ్యి. నేను చెప్తే వింటలేదు" అంది.

మళ్లీ టెస్టుకి తేదీ అడిగితే ఒక్కటే దొరికింది. ఉద్యోగంలో చేరాల్సిన సోమవారానికి ముందు శుక్రవారం. ఆరోజు తప్పితే పొలాల మధ్య ల్యాబు వేరేవాళ్లది. ఈమెకి మళ్లీ కిటికీ.

ఆ చేతిని ఎలా ఆపాలి? ఆపకూడదని నాకు తట్టింది. అదే నా గొప్పదనం. అలవాటుని చంపడానికి చూస్తే అది సమయం చూసి లేస్తుంది. దానికి ముందు ఇంకో అలవాటుని కట్టాలి. "దణ్ణం పెట్టుకో, వద్దనను. కానీ ముందు హ్యాండ్‌బ్రేక్, తర్వాత దేవుడు. కారు ఆగి ఉంటేనే చేతులు లేవాలి. కదులుతుంటే కళ్లతోనే దణ్ణం. ఆయన వేచి ఉంటాడు, ఆయనకి టెస్టుల్లేవు" అన్నాను.

ఇక మేం స్విండన్‌లో ఉన్న చర్చిలన్నీ తిరిగాం. గుడి తిరిగాం, గురుద్వారా తిరిగాం, మసీదు తిరిగాం. ఏ దేవుణ్ణీ వదల్లేదు. ప్రతి చోటా అదే సాధన. కదులుతుంటే ఒకసారి రెప్ప వాల్చడం. ఆగాలంటే ఆగడం, హ్యాండ్‌బ్రేక్ లాగడం, చేతులు జోడించడం. "పరవాలేదు. మళ్లీ మొదటి నుంచి." అప్పుడప్పుడు నా వేలి తాళం గట్టిగా తగిలి భజన మొదలయ్యేది. దాన్ని కూడా సాధనలో కలిపేశాం. పాట మొదలైతే ముందు హ్యాండ్‌బ్రేక్.

శుక్రవారం వచ్చింది. బయల్దేరే ముందు మా ఆవిడ గేటు దగ్గరికి పోయి ఆంటీని పిలిచింది. "ఆంటీ, మా కారు కదిలేటప్పుడు మీరు ఎదురు నడిచి వస్తారా? మా దగ్గర మంచివాళ్లు ఎదురొస్తే పని అవుతుంది."

"నేను మంచిదాన్నని ఎవరు చెప్పారు? మీ ఆయనా? ఆయన మాట నమ్మకు" అంది ఆంటీ. అయినా లోపలికెళ్లి, మంచి కోటు వేసుకుని, పాలసీసా చేత్తో పట్టుకుని వచ్చింది.

భర్త పోయినవాళ్లు ఎదురు రాకూడదని మనవాళ్లలో ఒక పట్టింపు ఉంది కదా. నేను ఏదో అనబోయేలోపే మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది. "మన మంచి కోరెటోళ్లు ఎదురొస్తే అంతకన్న శకునమేమున్నది? మీరు నోరు మూసుకోండ్రి" అంది. ఆంటీ వీధి చివరి నుంచి, పెళ్లికూతురిలా తలెత్తుకుని, మా పెసరపచ్చ కారుకి ఎదురుగా నడిచొచ్చింది. పాలసీసా మా గోడ మీద పెట్టి, తను కూడా కారెక్కేసింది.

టెస్టు సెంటర్లో నేనూ, పాపా, ఆంటీ బెంచీ మీద కూర్చున్నాం. మా ఆవిడ ఎగ్జామినరుతో వెళ్లిపోయింది. తర్వాత జరిగింది నేను కళ్లారా చూడలేదు. ఆమె చెప్పిందే. దానికి నేను ఒక్క గింజ కూడా కలపలేదు.

ఎగ్జామినరు సన్నగా, పొడుగ్గా, నవ్వితే ఉద్యోగం పోతుందన్నట్టు ఉన్నాడట. తలుపు వేసుకున్నాడు. హీటరు పని మొదలుపెట్టింది. వెనక సీటు దూది లోంచి ఆవకాయ నిద్ర లేచింది. మొదటి మలుపులోనే ఆయన కళ్లు నీళ్లు పెట్టుకున్నాయి. "ఏదైనా కాలుతోందా?" అన్నాడట. "లేదు, ఊరుతోంది" అందట. కిటికీ దించబోతే పిడి లేదు. తన వైపు తలుపుకున్న పిడి తీసి, ఆయనకు అందించిందట, అతిథికి మంచినీళ్లిచ్చినట్టు.

రౌండబౌట్ దగ్గర కుడికి పొమ్మన్నాడు. అందరూ ఉల్టా అడ్డదారి పట్టే చోట ఈమె ఐదు బతుకమ్మలనూ వరుసగా చుట్టి, ఒక్క తప్పు లేకుండా, ఒక్కసారి కూడా ఆగకుండా బయటికొచ్చింది. "ఇంత చుట్టు ఎందుకు?" అని అడిగాడట. "ఇది సరైన దారి" అందట మా మేడమ్, పిల్లలకి చెప్పినట్టు.

చర్చి వచ్చింది. చేతులు స్టీరింగ్ మీద బిగుసుకున్నాయి. రెప్ప ఒక్కటి వాల్చింది. చర్చి వెళ్లిపోయింది.

ఇక చివరి గండం. ఉన్నట్టుండి బ్రేకు వేసి ఆపే పరీక్ష. ఎగ్జామినరు ముందుగానే చెప్పాడు, "నేను డాష్‌బోర్డు మీద చరిచినప్పుడు, పిల్లాడు రోడ్డు మీదకి వచ్చాడనుకుని ఆపాలి" అని. చెప్పి, ఖాళీ రోడ్డు చూసుకుని, చరిచాడు. కరెక్టుగా ఆ చోటే చరిచాడు.

కారు ఆగింది. సన్నాయి లేచింది. డోలు అందుకుంది. స్విండన్ వీధి మధ్యలో నిండు భజన. మా ఆవిడ చెయ్యి, అదే వాళ్లమ్మ నేర్పిన చెయ్యి, పైకి లేవబోయింది. లేవబోతూ ఆగి, కిందికి దిగి, హ్యాండ్‌బ్రేక్ లాగింది. గేరు తీసింది. అప్పుడు, తీరిగ్గా, రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టుకుంది.

ఎగ్జామినరు బిత్తరపోయి రేడియో మీటలన్నీ నొక్కాడట. ఏదీ వినలేదు. ఈమె చెయ్యి చాపి సరిగ్గా అదే చోట ఒక్కటి చరిచింది. నిశ్శబ్దం. "ఇప్పుడు బయల్దేరవచ్చా?" అని అడిగిందట. ఆయన జేబురుమాలుతో కళ్లు తుడుచుకుంటూ, "మీరు సిద్ధంగా ఉంటే" అన్నాడట.

కారు తిరిగి సెంటర్లోకి వచ్చి ఆగింది. లోపల ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు. మాకేమీ వినపడదు. ఆంటీ నా చెయ్యి పట్టుకుంది. అంత ముసలి చెయ్యికి అంత బలం ఉంటుందని నాకు తెలియదు. పియానో చెయ్యి కదా. మా ఆవిడ దిగింది. మొహంలో ఏమీ లేదు. మా వైపు చూడలేదు. నేరుగా కారు ముందుకెళ్లి, వంగి, నేర్చుకునేవాళ్లు కట్టుకునే ఎల్ బోర్డుని పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

"కెన్ ఐ కీప్ ఇట్?" అంది పాప.

"ఉంచుకో బిడ్డా. నాకిక అక్కర్లేదు" అంది వాళ్లమ్మ.

ఆంటీ బెంచీ మీద నుంచి లేచి, ఊళ్లో పిల్లలందరూ ఒకేసారి తప్పు లేకుండా వాయించినట్టు చప్పట్లు కొట్టింది. ఎగ్జామినరు మా వైపు వచ్చి, గొంతు సవరించుకుని, "ఒక్క ప్రశ్న. ఆ వాసన ఏమిటి?" అని అడిగాడు. ఒక సీసా ఇస్తామన్నాం. రూల్స్ ఒప్పుకోవన్నాడు. కానీ ఎక్కడ దొరుకుతుందో అడిగి తెలుసుకున్నాడు.

సోమవారం పొద్దున మా ఆవిడ పెసరపచ్చ పడవని ఒక్కతే నడుపుకుంటూ పొలాల మధ్యకి వెళ్లింది. నేను బస్సులో ఆఫీసుకి వెళ్లాను. ఆరోజు నుంచి ఆ కారు ఆమెది, బస్సు నాది. సాయంత్రం ఆమె తిరిగి వచ్చేసరికి ఆంటీ గేటు దగ్గర మంచి కోటులో నిలబడి ఉంది. ఇక్కడి ఆఫీసుల్లో ఎవరూ ఎవరినీ మేడమ్ అనరు. పేరు పెట్టి పిలుస్తారు. ఆంటీకి ఆ సంగతి తెలుసు. అందుకే కారు తలుపు తీసి, తల వంచి, "వెల్‌కమ్ హోమ్, మేడమ్" అంది. మా ఆవిడ కారు దిగి ఆమెని కావలించుకుంది. దిగే ముందు హ్యాండ్‌బ్రేక్ వేసింది, నేను చూశాను.

ఆ కారు ఇంకా చాలా ఏళ్లు నడిచింది. చివరికి దాన్ని తుక్కువాళ్ల లారీ ఎక్కించిన రోజున, లారీ మా వీధి మలుపులో గుంటలో పడింది. సన్నాయి మొదలైంది. మలుపు తిరిగి కనిపించకుండా పోయేదాకా భజన వినపడుతూనే ఉంది. ఇరుగుపొరుగు గేట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

ఇంతవరకు రాసి మా ఆవిడకి చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని చివరిదాకా చదివింది. రెండు మూడు చోట్ల నవ్వింది. "బాగున్నది. ఆకలైన కార్లు, లారీల పాట, అన్నీ ఉండనీయండ్రి. గని, మీరు ముందు సీట్ల ఎప్పుడు కూసున్నరు?" అంది.

దొరికిపోయాను. ఒప్పుకుంటాను. ఇందులో నేను కల్పించింది ఒక్కటే. కారు నేర్పింది నేను కాదు, ఆంటీ. అప్పటికి నాకు ఈ దేశపు లైసెన్సు వచ్చి ఏడాది కూడా కాలేదు. నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చోవాలంటే లైసెన్సు వచ్చి మూడేళ్లు కావాలి. ఆంటీది ఎప్పటిదో పాత లైసెన్సు. ముందు సీట్లో తాళం వేసింది ఆమె వేలు. "మళ్లీ మొదటి నుంచి" ఆమె మాట. "ముందు హ్యాండ్‌బ్రేక్, తర్వాత దేవుడు" కూడా ఆమెదే. ఇన్నాళ్లూ పదిమందిలో నాదని చెప్పుకు తిరిగాను. నేను వెనక సీట్లో, ఆవకాయ దూది మీద, పాప పక్కన కూర్చుని, ఇచ్చిన టాఫీ తిని, అడిగితే పిడి అందించేవాణ్ణి. మీరు అప్పుడే పట్టేయాల్సింది. మొగుడు పక్కన కూర్చుని కారు నేర్పితే ఎదురుమాట లేకుండా "సరే" అనే ఆడది భూమ్మీద ఎక్కడైనా ఉందా? ముందు సీట్లో ఉన్నవాడికి ఆమె జడ ఎలా కనిపిస్తుంది?

మిగతాదంతా నిజం. పోయిన ఆదివారం అమ్మాయి కొత్త కారులో షికారుకి తీసుకెళ్తానంది. వాళ్లమ్మ ముందు సీట్లో ఎక్కింది. నేను ఎవరూ చెప్పకుండానే వెనక తలుపు తీశాను. దారిలో చర్చి వచ్చింది. ముందు సీట్లో ఒక రెప్ప వాలింది. స్టీరింగ్ ముందు కూర్చున్న మా అమ్మాయి, తెలుగులో పొడిపొడిగా తప్ప మాట్లాడని అమ్మాయి, తను కూడా ఒక రెప్ప వాల్చింది. అద్దంలో చూశాను.

ఆవకాయ జాడీ మీద ఒట్టు వేసి అబద్ధమాడానని మీరేమీ బెంగ పెట్టుకోకండి. ఇందాక మూత తీసి చూశాను. అది నిమ్మకాయ జాడీ.